నాలుగో గేరు ఎందుకు పడలేదు?

(బండి బాగోగులు)



పోయిన నెల టైర్ల వయసు గురించి ముచ్చటించుకున్నాము. ఈ నెల ఏసీ సంగతి చూద్దామని మాట ఇచ్చాము గాని, ఆ మాట తప్పుతున్నాము. ఏసీ వేసవి దాకా ఆగగలదు. పాత బండ్లలో ఆటోమేటిక్ గేరుబాక్సు సంగతి ఆగేట్టు లేదు. మన సభ్యులొకరి ఇంట్లో పాప కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు కొద్దిలో గేరుబాక్సు పాలు కాబోయింది. ఆ వ్యవహారంలో మా తప్పు కూడా కొంత ఉంది. అది దాచుకోకుండా చెబితే మరొకరికి పనికొస్తుందని ఈ రెండు పేజీలూ దానికే కేటాయిస్తున్నాము.

ఆ సభ్యులు మాకంటే పదేళ్ళు పెద్దవారు. మేము "అన్నయ్యగారూ" అంటాము, ఆయన "డాక్టరు గారూ" అంటారు. బండి 1998 మోడలు టయోటా కామ్రీ, నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్. సూర్ ఉప్పుగాలికి అంచులు కాస్త తుప్పు పట్టాయి తప్పితే మనిషిలాగే నెమ్మదైన బండి. డిసెంబరు ఆఖర్లో ఓ రాత్రి ఫోను చేశారు.

"డాక్టరు గారూ, బండి నాలుగో గేరు పట్టడం లేదండీ. మస్కట్ వెళ్తుంటే ఇంజను ఒకటే గోల. వంద మీద వెళ్తే ముల్లు 3200 చూపిస్తోంది. మునుపు 2300 దాటేది కాదు."

మేము అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాము. చెప్పులు కూడా విప్పలేదు. "గేరాయిలు మార్చి ఎన్నాళ్ళయింది?" అన్నాము. "కొన్నప్పటి నుంచి మార్చలేదండీ" అన్నారు. "అయితే అదే. మార్చేయండి, సర్దుకుంటుంది" అని ఫోను పెట్టేశాము.

ఆస్పత్రిలో ఎవరైనా ఇలా ఫోనులో మందు చెబితే మేమే కోప్పడతాము. మనిషి విషయంలో చెయ్యని పని బండి విషయంలో సునాయాసంగా చేసేశాము.

ఆయన ఆయిలు మార్పించారు. గుణం కనిపించలేదు. మరో గ్యారేజికి తీసుకువెళితే, లిఫ్టు మీద ఎత్తి చూసి "ఓవర్‌డ్రైవు క్లచ్చి కాలిపోయింది, బాక్సు మార్చాల్సిందే" అన్నారట. షార్జా నుంచి వాడిన బాక్సు తెప్పిస్తామని, అడ్వాన్సు ఇమ్మని అడిగారట. షార్జా పాత సామాను బజారు గల్ఫు అంతటికీ తెలిసినదే. అక్కడ దొరకని బండి భాగం లేదంటారు. అయితే వాడిన బాక్సు కూడా మరొకరి బండిలోంచి ఊడదీసినదే. దాని జాతకం ఎవరికి తెలుసు? పైగా కూలి వేరు. అన్నీ కలిపితే పాపకు కాలేజీలో మొదటి ఏడు కట్టవలసిన డబ్బుతో సమానం. ఆ పిల్లకు జనవరి నెలాఖరులో మస్కట్‌లో జేఈఈ పరీక్ష. తెల్లవారకముందే బయలుదేరి వెళ్ళాలి. బండి మధ్యలో ఆగితే ఎలా అన్నది ఆ ఇల్లాలి బెంగ.

"అడ్వాన్సు రేపు ఇస్తానన్నానండీ" అన్నారు అన్నయ్యగారు. "రెండు రోజులు ఆగండి" అన్నాము మేము. ఈసారి చెప్పులు వేసుకుని వారింటికి నడిచాము.

ముందుగా అసలీ గేరుబాక్సు ఎప్పుడు గేరు మార్చాలో ఎలా తెలుసుకుంటుందో నాలుగు మాటల్లో చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా మంత్రంలా ఉంటుంది.

పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సును పెద్ద ఎత్తున మొదట అమ్మినది అమెరికాలో జనరల్ మోటార్స్ వారు. 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్‌లో హైడ్రామాటిక్ అనే పేరుతో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ మూలసూత్రం ఒకటే. గేర్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. చిన్న చిన్న క్లచ్చి పలకలు, బ్యాండ్లు ఆయిలు ఒత్తిడితో ఒకదాన్ని పట్టుకుని మరొకదాన్ని వదులుతుంటాయి. ఏది పట్టుకుంటే ఆ గేరు. ఇంజనుకూ బాక్సుకూ మధ్య టార్కు కన్వర్టరు ఉంటుంది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, అలాగే. గాలికి బదులు ఆయిలు. అంటే ఈ బాక్సులో ఆయిలు కందెన మాత్రమే కాదు. శక్తిని మోసేదీ అదే, క్లచ్చిలను నొక్కేదీ అదే, వేడిని బయటికి చేర్చేదీ అదే. మన ఒంట్లో నెత్తురు వంటిది. 1970ల ఆరంభం దాకా ఈ ఆయిల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్చిలు మెత్తగా పట్టుకోవడానికి అంతకు మించినది దొరికేది కాదు. ఆ తిమింగలాలను కాపాడే చట్టాలు వచ్చాక రసాయనాలు ఆ స్థానం తీసుకున్నాయి.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. పాత పద్ధతి బాక్సులు రెండే విషయాలు చూసేవి: బండి ఎంత వేగంగా పోతోంది, డ్రైవరు కాలు ఎంత నొక్కింది. కామ్రీ తరం వచ్చేసరికి ఈ నిర్ణయం కంప్యూటరు చేతికి వెళ్ళింది. వేగం చెప్పడానికి సెన్సర్లు, కాలు సంగతి చెప్పడానికి త్రాటిల్ దగ్గర ఒక సెన్సరు, కంప్యూటరు ఆజ్ఞను ఆయిలు దారుల్లో అమలు జరపడానికి రెండు సాలినాయిడ్లు. వీటితో బాటు కంప్యూటరు అడిగే మరో ప్రశ్న ఉంది. ఇంజను వేడెక్కిందా లేదా? అసలు కథ అక్కడే ఉంది గాని, ఆ రోజు మాకూ అది తట్టలేదు.

వారింటికి వెళ్ళాక వైద్యంలో నేర్పిన వరుసే పాటించాము. ముందు రోగి చెప్పేది వినడం.

"అన్నయ్యగారూ, ఇది ఎప్పుడూ ఉంటోందా? అప్పుడప్పుడా?"

"మస్కట్ వెళ్ళేప్పుడేనండీ. వచ్చేప్పుడు బాగానే ఉంటోంది."

"ఊళ్ళో?"

"ఊళ్ళో మధ్యాహ్నం పూట సుబ్బరంగా పడుతోందండీ. అందుకే గ్యారేజీలో వాళ్ళకి చూపిద్దామంటే పట్టేది, నాకు పట్టేది కాదు. అబద్ధాలాడుతున్నాననుకున్నారేమో!"

"మస్కట్ దారిలో చివరిదాకా పట్టదా?"

ఆయన కాస్త ఆలోచించారు. "ఖురయ్యాత్ దాటి కొండల్లోకి ఎక్కాక, ఆ దిగుడులో పట్టుకుంటుందండీ. అప్పటికి ఎండ కూడా వచ్చేస్తుంది."

మిత్రులారా, ఈ నాలుగు జవాబుల్లోనే రోగం ఉంది. ఈ ప్రశ్నలు మొదటి రాత్రే ఫోనులో అడగవచ్చు. ఒక్క రియాలు ఖర్చు లేదు. కాలిపోయిన క్లచ్చి మధ్యాహ్నానికి నయమై మర్నాడు పొద్దున మళ్ళీ కాలదు. పలకలు అరిగిన బాక్సు సాధారణంగా వేడెక్కిన కొద్దీ ఎక్కువ జారుతుంది. ఇక్కడ తీరు తలకిందులుగా ఉంది. చల్లగా ఉంటే రోగం, వేడెక్కితే ఆరోగ్యం.

అయినా ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకూడదు కనుక పరీక్షలు మొదలుపెట్టాము. మొదటిది ఆయిలు. టయోటాలో దీన్ని ఇంజను తిరుగుతుండగానే, బాగా వేడెక్కాక, బండి సమతలంగా నిలిపి చూడాలి. బ్రేకు మీద కాలుంచి గేరు కర్రను పి నుంచి ఎల్ దాకా ఒక్కొక్కచోట ఆపుతూ తీసుకువెళ్ళి మళ్ళీ పి లోకి తెచ్చి, అప్పుడు డిప్‌స్టిక్కు తియ్యాలి. హోండాలో అయితే ఇంజను ఆపిన వెంటనే చూడాలి. బండిని బట్టి పద్ధతి మారుతుంది కనుక పుస్తకం చూడకుండా చెయ్యకండి. మట్టం సరిగ్గానే ఉంది. రంగు, వాసన చూడబోతే మా తప్పు గుర్తొచ్చింది. ఆయిలు మార్పించింది మేమే కదా! కల్చరుకు పంపకుండా యాంటీబయాటిక్ ఇచ్చినట్టు, సాక్ష్యాన్ని మేమే పారబోయించాము.

అదృష్టవశాత్తు ఈ బాక్సులో బోల్టు తీసి దింపితే వచ్చేది రెండున్నర లీటర్లే. సగానికి పైగా పాత ఆయిలు కన్వర్టరులోనే ఉండిపోతుంది. అది ఇప్పుడు కొత్తదానితో కలిసి వచ్చింది. తెల్లకాగితం మీద చుక్క వేసి చూశాము. కాస్త గోధుమ కలిసిన ఎరుపు. మాడు వాసన లేదు, నలుపు లేదు, మెరిసే రజను లేదు. క్లచ్చి కాలిపోయిన బాక్సు ఆయిలు ఇలా ఉండదు. మాడిన కూర గిన్నె మూత తీసినట్టుంటుంది.

ఇంకో మాట. ఈ తరహా కామ్రీలో డిఫరెన్షియల్ ఆయిలు గది వేరు, దాని బోల్టు వేరు. గేరాయిలు మార్చినప్పుడు అది మరిచిపోయేవారున్నారు. పొరబాటున అది ఖాళీ చేసి, గేరుబాక్సు డిప్‌స్టిక్కు గొట్టంలోనే పోసి ఊరుకుంటే డిఫరెన్షియల్ ఎండిపోయి అరుగుతుంది. అన్నయ్యగారి బండిలో అది సరిగ్గానే ఉంది.

రెండో పరీక్ష మాకు బాగా నచ్చినది, ఎందుకంటే దానికి కావలసింది చేతిగడియారమే. బండి వేడెక్కాక హ్యాండుబ్రేకు వేసి, కాలిబ్రేకు గట్టిగా నొక్కి, ఎన్ నుంచి డి లోకి వెయ్యాలి. వేసిన క్షణం నుంచి బండి చిన్నగా అదిరే క్షణం దాకా ఎంతసేపు? టయోటా వారి లెక్క ప్రకారం 1.2 సెకన్ల లోపు ఉండాలి. ఎన్ నుంచి ఆర్ లోకి 1.5 సెకన్ల లోపు. ఒక్కోసారికీ మధ్య ఒక నిమిషం ఆగి, మూడుసార్లు చూసి సగటు తియ్యాలి. నాడి లెక్కబెట్టే అలవాటు ఇక్కడ పనికొచ్చింది. డి లోకి ఒక సెకనులోపే, ఆర్ లోకి అంతకు కాస్త ఎక్కువ. అంటే పంపు ఒత్తిడి బాగుంది, ముందుకూ వెనక్కూ పట్టే క్లచ్చిలు బాగున్నాయి.

మూడోది, కంప్యూటరు జ్ఞాపకం. గేరు కర్ర మీద ఓవర్‌డ్రైవు బొత్తాం ఉంటుంది. పిల్లలు తెలియక నొక్కితే నాలుగో గేరు పడదు. డ్యాష్‌బోర్డులో "ఓ.డి. ఆఫ్" అనే దీపం వెలుగుతూ ఉంటుంది. అనేక బాక్సుల "జబ్బు" ఇంతే. అది కాదని ముందు చూసుకోవాలి. ఆ దీపమే దానంతటది టపటప కొట్టుకుంటుంటే కంప్యూటరు ఫిర్యాదు చేస్తోందని అర్థం. మన గల్ఫు మోడలు పాత టయోటాలు చాలావాటికి ఇప్పటి చవక స్కానర్లు పనిచెయ్యవు. బానెట్టు కింద డయాగ్నోసిస్ అని రాసిన చిన్న డబ్బా ఉంటే, అందులో టీఈ-1, ఈ-1 అనే రెండు రంధ్రాలను చిన్న తీగతో కలిపి తాళం తిప్పితే దీపం అంకెలు కొట్టి చెబుతుంది. 42 అన్నా 61 అన్నా వేగం సెన్సర్లు. 62, 63 అంటే గేర్లు మార్చే సాలినాయిడ్లు. 64 అంటే కన్వర్టరును బిగించే సాలినాయిడు. ఆగకుండా సమంగా కొట్టుకుంటుంటే ఫిర్యాదు ఏమీ లేదని. తీగ వేరే రంధ్రంలో పెడితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే కనుక తెలిసినవారి చేతే చేయించండి. మేము మెకానిక్కును పక్కన పెట్టుకుని చేశాము. దీపం సమంగా కొట్టుకుంది. ఫిర్యాదు లేదు.

ఆ మెకానిక్కు మలయాళీ, మా ఇంటి వెనక వీధిలో చిన్న షెడ్డు. వయసు అరవైకి దగ్గర. అంతా విని ఒక్క మాటే అన్నాడు, హిందీలో. "సార్, రోగం వచ్చే వేళకు చూడాలి. మధ్యాహ్నం చూస్తే ఏముంది?"

మర్నాడు మాకు సెలవు. తెల్లవారుజామున అయిదింటికి ముగ్గురం బయలుదేరాము. అన్నయ్యగారు తోలుతున్నారు, మేము పక్క సీటులో కాగితం, కలం పట్టుకుని, మెకానిక్కు వెనక. బయట 19 డిగ్రీలు. మన సూర్‌లో జనవరి తెల్లవారుజామంటే స్వెట్టరు వేసుకోవాలనిపించే ఒక్క వేళ. కల్హాత్ దాటి తీవీ వైపు, కుడిపక్కన సముద్రం, ఎడమపక్కన కొండలు. అయిదేసి నిమిషాలకు వేగం, ఇంజను చుట్లు, ఉష్ణోగ్రత ముల్లు రాసుకుంటూ పోయాము. వంద మీద ఇంజను 3200. నాలుగో గేరు పడలేదు. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. అదే తీరు.

రాసిన కాగితం చూసుకుంటే మూడో వరుస కదలడం లేదు. ఉష్ణోగ్రత ముల్లు అడుగు గీత మీద కొద్దిగా లేచి అక్కడే కూర్చుంది. ఈ బండిలో ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది సగానికి కాస్త కింద నిలవాలి. మేమంతా ముల్లు పైకి పోతుందేమోనని భయపడే ఊళ్ళో బతుకుతున్నవాళ్ళం. కింద ఉంటే సంతోషమే కదా అనుకుంటాము. జ్వరం లేదని సంబరపడతాము గాని, ఒళ్ళు చల్లబడటమూ జబ్బేనని మాకు వేరే చెప్పాలా?

ఇంజను నీళ్ళు సుమారు 50, 60 డిగ్రీలు దాటేదాకా కంప్యూటరు నాలుగో గేరుకు అనుమతి ఇవ్వదు, కన్వర్టరును బిగించదు. చల్లటి ఇంజనును తక్కువ చుట్లతో లాగిస్తే దడదడలాడుతుంది, పొగ ఎక్కువ వస్తుంది, తొందరగా వేడెక్కదు. అందుకని ఆ నియమం. మామూలు బండి నాలుగైదు నిమిషాల్లో ఆ గడప దాటేస్తుంది. ఈ బండి దాటడం లేదు.

"గుడ్ సార్" అన్నాడు వెనక నుంచి మెకానిక్కు. "బండి ఆపండి."

తీవీ దగ్గర ఆపాము. డిక్కీలో ఖర్జూరాల అట్టపెట్టె ఉంది. దాన్ని చింపి రేడియేటరు ముందు సగం మేర అడ్డంగా పెట్టాడు, చల్లగాలి తగలకుండా. మళ్ళీ బయలుదేరాము. ముల్లు నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది. ఆరో నిమిషాన ఇంజను గొంతు తగ్గింది. 3200 నుంచి 2300కి దిగింది. అన్నయ్యగారు మా వంక చూశారు, రోడ్డు వంక చూడమని చెప్పాల్సి వచ్చింది.

అట్ట తీసేశాము. పది నిమిషాల్లో ముల్లు దిగింది, నాలుగో గేరు పోయింది. మళ్ళీ పెట్టాము, మళ్ళీ వచ్చింది. మందు ఇస్తే తగ్గి, ఆపితే తిరగబెట్టి, మళ్ళీ ఇస్తే తగ్గితే, ఇంకా వేరే సాక్ష్యం ఎందుకు? ఇది ముల్లు మీద కళ్ళు పెట్టి చెయ్యవలసిన పరీక్ష. ఎండాకాలం పొరబాటున కూడా చెయ్యకండి.

ఊళ్ళోకి వచ్చి ఇంజను చల్లారాక థర్మోస్టాటు ఉండవలసిన మూత విప్పాడు. లోపల ఖాళీ! థర్మోస్టాటే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది అన్నయ్యగారికి. పోయిన జులైలో బండి వేడెక్కిపోతే ఒక గ్యారేజిలో "ఏదో తీసేశాం, ఇక మన ఎండల్లో వేడెక్కదు" అన్నారట. ఈ వైద్యం మన ఆంధ్రలోనూ ఉంది, గల్ఫులోనూ ఉంది. థర్మోస్టాటు అంటే నీళ్ళ దారిలో చిన్న తలుపు. లోపలి మైనం వేడికి ఉబ్బి తలుపు తెరుస్తుంది, చల్లబడితే మూస్తుంది. దాన్ని పీకేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటరులోకి పోతూనే ఉంటాయి. అసలు రోగం ఏమిటంటే రేడియేటరు సగం పూడుకుపోయి ఉంది. దాన్ని శుభ్రం చెయ్యకుండా తలుపు పీకారు. జులై నుంచి నవంబరు దాకా ఎండలే బండిని వేడిగా ఉంచాయి. చలి రాగానే లోపం బయటపడింది. ఎక్కడో ఇంజను దగ్గర చేసిన పనికి ఆరు నెలల తరువాత గేరుబాక్సు నింద మోసింది.

కొత్త థర్మోస్టాటు తెచ్చాము. బిగించే ముందు పరీక్షించాలని మా పట్టుదల. దారానికి కట్టి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి కాచాలి. ఇది 82 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవాలి. మా దగ్గరున్న జ్వరం థర్మామీటరు 42 దగ్గర చేతులెత్తేస్తుంది కనుక, కేకులు చేసే పొరుగింటివారి దగ్గర వంటింటి థర్మామీటరు అరువు తెచ్చాము. "పాలు కాచే గిన్నెలో ఇనప సామానా?" అని మా ఇంటావిడ అడిగిన గొంతు ఇక్కడ రాయలేము. 82 దగ్గర తలుపు కదిలింది. రేడియేటరు కూడా విప్పి కడిగించాము. ఆ పని ఎలాగూ కావలసిందే. గేరాయిలు చల్లారే గొట్టం కూడా ఆ రేడియేటరు తొట్టిలోంచే పోతుంది కనుక, అది పూడితే గేరుబాక్సుకూ వేడి తగులుతుంది. మొత్తం ఖర్చు, అడ్వాన్సుగా అడిగినదానిలో పదోవంతు కూడా కాలేదు.

ఇప్పుడు మిగతా సభ్యులకు పనికొచ్చే నాలుగు గుర్తులు చెప్పి ముగిస్తాము. అన్ని బండ్ల జబ్బూ థర్మోస్టాటు కాదు. మేము చెప్పేది వరుస గురించి. చవకైనది, విప్పనక్కర లేనిది ముందు చూడండి.

పొద్దున మొదటిసారి డి లో వేస్తే మూడు నాలుగు సెకన్లు కదలకుండా, తరువాత రోజంతా బాగుంటే, ముందు ఆయిలు మట్టం చూడండి. అది సరిగ్గా ఉంటే లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉండవచ్చు.

అన్ని గేర్లూ ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు పడుతుంటే త్రాటిల్ నుంచి బాక్సుకు పోయే కేబులు చూపించండి. ఈ తరం టయోటాలో ఆక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడు కేబులు మీది బిళ్ళకూ తొడుగు అంచుకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు దాటకూడదు. మరీ బిగిస్తే దెబ్బలు. వదులైతే మెత్తగా, తొందరగా పడుతూ హాయిగా ఉంటుంది గాని, ఒత్తిడి చాలక క్లచ్చిలు కాలిపోతాయి. ఆ హాయి ప్రమాదం. పాత అమెరికను బండ్లలో కేబులుకు బదులు సన్నటి వాక్యూము గొట్టం ఉంటుంది. అది పగిలినా ఇదే లక్షణం. ఆ గొట్టంలో ఆయిలు కనబడితే లోపలి పొర చిరిగిందన్నమాట.

ఎన్ నుంచి డి లో వెయ్యగానే ధడేలుమంటే, ఇంజను వట్టిగా తిరిగే చుట్లు ఎక్కువున్నాయేమో, ఇంజను కింది రబ్బరు దిమ్మలు తెగాయేమో చూడండి. బాక్సు నిర్దోషి కావచ్చు.

సమంగా పోతుండగా గతుకుల రోడ్డు మీద పోయినట్టు వణుకు వస్తే, కాలు ఆక్సిలరేటరు మీద అలాగే ఉంచి ఎడమకాలితో బ్రేకును తాకీ తాకనట్టు తాకండి, వెనక ఎవరూ లేనప్పుడు. కన్వర్టరు బిగింపు వదులుతుంది. వణుకు పోతే జబ్బు ఆ బిగింపులో ఉంది. పోకపోతే స్పార్కు ప్లగ్గులు, వైర్లు చూపించండి.

డిప్‌స్టిక్కు మీద ఆయిలు గులాబీరంగు మజ్జిగలా ఉంటే ఒక్క కిలోమీటరు కూడా తోలకండి. నీళ్ళు కలిశాయి. రేడియేటరు లోపల చిల్లి పడి ఉండవచ్చు, లేదా వాదీ దాటుతుంటే నీళ్ళు ఎక్కి ఉండవచ్చు. పారుతున్న వాదీలో బండి దింపడం ఈ దేశంలో నేరం కూడా. ప్రాణం తరువాతే గేరుబాక్సు.

ఇక ఆయిలు నల్లబడి, మాడు వాసన వేసి, ఇంజను చుట్లు పెరుగుతున్నా బండి కదలక, అడుగు తట్టలోని అయస్కాంతానికి రేకుముక్కలు అంటుకుని ఉంటే, ఆ బాక్సు పని అయిపోయింది. అయస్కాంతం మీద సన్నటి బూడిదరంగు పేస్టు ఉండటం మాత్రం వయసు లక్షణం. రెండేళ్ళ కిందట మా పాత బండికి సరిగ్గా అలా రేకులు కనబడ్డాయి. ఆశపడి ఆయిలు మార్పించాము. నాలుగు రోజుల్లో రివర్సు పోయింది. అందరూ కొత్త ఆయిలును తిట్టారు. చివరి దశలో చేర్చిన రోగి పోతే ఆఖరున ఇచ్చిన ఇంజెక్షనును తిట్టినట్టు. గేరుబాక్సు నిజంగా పోతే పోయిందని ఒప్పుకుని డబ్బు పెట్టడమే మేలు. అలా ఒప్పుకోవాలన్నా ముందు చూడాలి కదా!

జనవరి ఆఖర్లో అన్నయ్యగారు పాపను తీసుకుని తెల్లవారకముందే బయలుదేరారు. మన దేశంలో తొమ్మిదింటికి మొదలయ్యే పరీక్ష ఇక్కడ ఏడున్నరకే కదా. కల్హాత్ దాటకముందే నాలుగో గేరు పడిందని పక్కనుంచి పాప చేత మాకు మెసేజి పెట్టించారు. పరీక్షకు వెళ్ళే పిల్ల చేత రాయించవలసిన సంగతి కాదు గాని, ఆయన సంతోషం అలాంటిది.

అనవసరంగా మార్పించిన గేరాయిలు డబ్బు మేమిస్తామన్నాము. "ఉండనివ్వండి, మీ కన్సల్టేషన్ ఫీజనుకుంటాను" అన్నారు. ఫోనులో ఇచ్చిన సలహాకు అది ఎక్కువ ఫీజే.

అందుచేత సభ్యులకు ఒక మనవి. బండి గురించి మాకు రాసేటప్పుడు "గేరు పట్టడం లేదు" అని మాత్రం రాయకండి. ఏ వేళ, ఎంత దూరం వెళ్ళాక, ఎండలోనా చలిలోనా, ముల్లులు ఎక్కడున్నాయి, ఈ మధ్య ఎవరు ఏం విప్పారు, ఇవి రాయండి. మేమూ ఇకమీదట ఇవి అడగకుండా మందు చెప్పము.

వచ్చే నెల తప్పకుండా ఏసీ.